బందరు రోడ్డు వెంట మైకు మనుషులు

విజయవాడలో పున్నమ్మ తోటకు పోనివ్వమంటే ఆటో అతను "రేడియో స్టేషన్ దగ్గరేగా?" అంటాడు. 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. అంతకుముందు కోస్తా జిల్లాల వాళ్లు తెలుగు కార్యక్రమాలు వినాలంటే మద్రాసు కేంద్రాన్ని పట్టుకోవాల్సి వచ్చేది. బెజవాడ రేడియో అనగానే ఇక్కడ అరవై దాటినవాళ్లు పేర్లు ఏకరువు పెడతారు. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, వయొలిన్ మీద అన్నవరపు రామస్వామి, నాటకాల్లో నండూరి సుబ్బారావు, పురాణం చెప్పే ఉషశ్రీ. చుట్టాల గురించి చెప్పుకున్నంత చనువుగా చెబుతారు. ఆ గొంతులన్నీ మన ఇళ్లలోకి ఇంకొకరి చేతుల మీదుగా వచ్చాయి. మైకు ఎంత దూరంలో పెట్టాలో, మృదంగాన్ని ఏ మూల కూర్చోబెట్టాలో, ఫేడర్ ఎప్పుడు ఎత్తాలో తేల్చిన చేతులవి. వాళ్ల పేర్లు మాత్రం ఎవరినడిగినా చెప్పలేకపోయారు. వాళ్లను వెతుక్కుంటూనే మాఘమాసంలో బెజవాడలో దిగాను. అక్కడి నుంచి బందరు రోడ్డు పట్టుకున్నాను.

మొగల్రాజపురంలో కొండ పక్క వీధిలో ఒక పెద్దాయన ఉంటారు. రేడియోలో ఇంజినీరింగ్ విభాగంలో చాలా ఏళ్లు చేసి రిటైరయ్యారు. నేను వచ్చిన పని చెప్పగానే బీరువా తెరిచి అరచేతిలో పట్టే అల్యూమినియం దిమ్మ ఒకటి బయటికి తీశారు. దాని మధ్యలో పావంగుళం వెడల్పున గాడి, ఆ గాడికి అడ్డంగా ఏటవాలు చీలిక. టేపు గాడిలో కూర్చుంటుంది, బ్లేడు చీలికలో దిగుతుంది. అక్కర్లేని ముక్క తీసేసి, మిగిలిన రెండు కొసలూ ఒకదానికొకటి ఆనించి వెనక అంటించే పట్టీ వేస్తారు.

"ఏటవాలుగా ఎందుకు కోస్తారండీ?" అన్నాను.

"నిలువుగా కోస్తే అతుకు దగ్గర టక్కుమంటుంది. ఏటవాలుగా కోస్తే ఈ ధ్వని తగ్గుతూ ఆ ధ్వని అందుకుంటుంది. వినేవాడికి అతుకున్నట్టే తెలియదు. తెలిస్తే మనకు పని రానట్టే."

సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో టేపు నడిచేది. ఆ లెక్కన 1200 అడుగుల స్పూలు 32 నిమిషాలు వస్తుంది. మాట మధ్యలో వచ్చిన అరసెకను దగ్గు నాలుగంగుళాల లోపు ముక్క. రెండు చేతులతో రెండు స్పూళ్లూ పట్టుకుని, టేపును హెడ్ మీద ముందుకూ వెనక్కూ జరుపుతూ, ఆ మూలుగులో దగ్గు మొదలయ్యే చోటు చెవితోనే పట్టుకోవాలి. అక్కడ మైనపు పెన్సిలుతో గీత పెట్టుకోవాలి. ఇదంతా చెబుతుంటే ఆయన వేళ్లు ఖాళీ బల్ల మీద స్పూళ్లు తిప్పుతూనే ఉన్నాయి. "దగ్గు తీసేటప్పుడు తర్వాతి మాటకు ముందున్న ఊపిరి కూడా తీసేస్తారు కొత్తవాళ్లు. అది తప్పండీ. ఊపిరి పోతే మనిషి పోతాడు, మాటే మిగులుతుంది. ఊపిరి ఉంచాలి."

ఈ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. రేడియో నాటకం వింటూ పాత్ర నిట్టూర్చిందని మన కళ్లు చెమర్చిన సందర్భాలున్నాయి కదా. ఆ నిట్టూర్పు నటుడిది. దాన్ని ఉంచాలని తేల్చింది మాత్రం బ్లేడు పట్టుకున్న మనిషి.

టేపు కోతకంటే ముందు మైకు పని ఉంటుంది. కచేరీ మొత్తానికీ ఒకటో రెండో మైకులున్న కాలంలో, ఎవరి ధ్వని ఎంత వినపడాలన్నది దూరంతో తేల్చేవారు. గాయకుడు దగ్గర, వయొలిన్ ఒక అడుగు వెనక, మృదంగం ఇంకా వెనక, తంబురా వినీ వినపడనట్టు పక్కన. ముందు ఒక కీర్తన పాడించుకుని, స్టూడియో అద్దం ఇవతల స్పీకర్లో విని, లోపలికి వెళ్లి చాపలు జరిపించి, మళ్లీ ఇవతలికి వచ్చి వినడం. పెద్ద విద్వాంసుణ్ని ‘కొంచెం వెనక్కి జరగండి’ అనడానికి ఎంత ధైర్యం కావాలో, ఎంత మర్యాద కావాలో ఊహించుకోవచ్చు. రెండువైపులా వినే రిబ్బన్ మైకు ఉంటే నాటకంలో ఇద్దరు నటులు దానికి అటొకరు ఇటొకరు ఎదురెదురుగా నిలబడి మాట్లాడతారు. పాత్ర గది దాటి వెళ్లిపోతుంటే నటుడు మైకు పక్కకు నాలుగడుగులు వేస్తాడు. ఇంట్లో వినేవాడికి వీధి గుమ్మం కనిపిస్తుంది.

నా నమ్మకం ఒకటి చెబుతాను. పూర్వం రంగస్థలం మీద పాడేవాడు చివరి వరసకు వినిపించాలి కాబట్టి శ్రుతి ఎక్కించి, గొంతు విసిరి పాడేవాడు. మంద్రస్థాయిలో పాడితే మూడో వరస దాటదు. బాలమురళి మంద్రంలోకి దిగి అక్కడ తీరిగ్గా తిరగడం, ఓలేటి వారు స్వరాన్ని తాకీ తాకనట్టు వదిలేయడం లక్షల మంది చెవిన పడ్డాయంటే అది మైకు చేసిన మేలు. మైకును వాళ్ల గొంతుకు తగ్గట్టు అమర్చినవారు చేసిన మేలు. ఆ పాట అంత మెత్తగా మారడంలో అద్దం ఇవతలి మనిషికీ వాటా ఉంది. సంగీత చరిత్రలు రాసేవాళ్లు ఈ వాటా ఇంతవరకూ లెక్కకట్టలేదు. ఇది చిన్న లోటు కాదు.

వెళ్లేముందు ఆయన ఇంకో సంగతి చెప్పారు. టేపు రికార్డరులో రికార్డు చేసే హెడ్, తిరిగి వినిపించే హెడ్ పక్కపక్కనే ఉంటాయి. వాటి మధ్య ఒకటిన్నర అంగుళం దూరం ఉందనుకుంటే, మైకులో అన్న మాట రెండో హెడ్‌కు చేరడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. అలా ఆలస్యంగా వచ్చినదాన్ని మళ్లీ మొదటి హెడ్‌కు పంపితే మాట వెనక మాట, దాని వెనక ఇంకో మాట, తగ్గుతూ తగ్గుతూ వస్తుంది. గుహలో రాక్షసుడు నవ్వాలన్నా, ఆకాశం నుంచి అశరీరవాణి పలకాలన్నా ఇదొక దారి. "ప్రతిధ్వనికి గుహ అక్కర్లేదు, ఒకటిన్నర అంగుళం చాలు" అన్నారు.

మర్నాడు పొద్దున బందరు బస్సెక్కాను. పటమట, కానూరు, పోరంకి దాటేదాకా ఊరు వదలదు. కంకిపాడు దగ్గరకొచ్చాక చేలు కనిపిస్తాయి. వరి కోతలైపోయి, కోసిన మళ్లల్లోనే చల్లిన మినుము పచ్చగా పరుచుకుని ఉంది. గట్ల మీద గడ్డివాములు. మిట్ట అన్నది లేదు, రాయి అన్నది లేదు. నల్లరేగడిలో ఎక్కడ తవ్వినా తేమే. ఈ నేలకూ రేడియోకూ ఒక బంధం ఉంది. మీడియం వేవ్ తరంగం నేలను అంటిపెట్టుకుని ప్రయాణిస్తుంది. ఎండిన రాతి నేల దాని బలాన్ని త్వరగా మింగేస్తుంది. తడి నేల మీద, ఉప్పునీటి మీద అయితే దూరం పోతుంది. 837 కిలోహెర్ట్జ్ మీద బెజవాడ కేంద్రం వదిలిన తరంగానికి ఇటు డెల్టా బురద, అటు బంగాళాఖాతం. ఇంతకన్నా అనువైన దారి ఏముంటుంది? కాటన్ దొర హయాంలో ఆనకట్ట కట్టి కాలువలు తవ్వినవాళ్లు పంట కోసం తడిపిన నేల, నూరేళ్ల తర్వాత పాటకు కూడా పనికొచ్చింది.

బస్సులో కూర్చుంటే పెద్దాయన చెప్పిన ప్రతిధ్వని గుర్తొచ్చి, నా మనసు ఎక్కడో ఉన్న జమైకా మీదికి పోయింది. బాబ్ మార్లే పేరు, టీషర్టు మీద ఆయన బొమ్మ మన కాలేజీ పిల్లలకు కూడా తెలుసు. ఆ రెగే సంగీతానికి ఆ రూపం ఇచ్చినవారిలో పాటగాళ్లతో సమానంగా ధ్వని పనివాళ్లున్నారన్నది ఎక్కువమందికి తెలియదు. కింగ్‌స్టన్ పేటల్లో 1940ల చివర నుంచే వీధుల్లో పెద్ద పెద్ద స్పీకర్ పెట్టెలు పేర్చి రికార్డులు వేసి జనాన్ని ఆడించే ‘సౌండ్ సిస్టమ్’లు ఉండేవి. వాటికి తొలినాళ్లలో ఆంప్లిఫయర్లు కట్టిచ్చిన హెడ్లీ జోన్స్, రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో రాడార్ పని నేర్చుకున్నవాడు. ఇంట్లో రేడియో కొనే స్తోమత లేనివాడికి ఆ వీధి పెట్టే రేడియో, అదే కచేరీ. తర్వాత స్టూడియోలొచ్చాయి. స్టూడియో వన్‌లో సిల్వన్ మోరిస్ మీటల ముందు కూర్చున్నాడు. ఆ తర్వాత హ్యారీ జే స్టూడియోలో మార్లే బృందం పాటలు రికార్డు చేసిందీ ఆయనే. రెగేలో బేస్ గిటార్ పాటకు పునాది. ఆ బరువు రికార్డు మీద నిలిచిందంటే ఇలాంటివాళ్ల చెవి వల్లే.

వాళ్లందరిలో నన్ను బాగా ఆకట్టుకున్నవాడు ఓస్‌బోర్న్ రడ్డక్. లోకానికి కింగ్ టబ్బీ. 1941లో పుట్టాడు. రేడియోలు బాగుచేయడం, ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టడం అతని వృత్తి. వాటర్‌హౌస్ పేటలో డ్రొమిలీ అవెన్యూలోని ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టుకున్నాడు. స్నానాల గదిని గొంతు రికార్డు చేసే గదిగా మార్చాడు. ఓ పెద్ద స్టూడియో వదిలించుకున్న నాలుగు ట్రాకుల మిక్సర్ కొన్నాడు. అప్పటికే పాడి, వాయించి, రికార్డు చేసి ఉన్న పాటను ముందు వేసుకునేవాడు. గొంతు తీసేసేవాడు. ఒక్క మాట వదిలి, ఆ మాటను టేపు ప్రతిధ్వనిలోకి తోసి, అది తిరుగుతూ తగ్గుతుంటే కింద డ్రమ్మూ బేసూ మాత్రమే నడిపించేవాడు. ‘డబ్’ అంటే ఇదే. మీటలే వాద్యమయ్యాయి. 1960ల చివర గొంతు కలపని రికార్డు ఒకటి అనుకోకుండా బయటికొచ్చి, జనం దాన్ని నెత్తిన పెట్టుకోవడంతో ఈ దారి తెరుచుకుంది. టబ్బీ దాన్ని కళగా మలిచాడు. 1976లో వచ్చిన అగస్టస్ పాబ్లో ఆల్బమ్ పేరులోనే టబ్బీ పేరుంది. మిక్సర్ ముందు కూర్చున్నవాడి పేరు అట్ట మీద పెద్దక్షరాల్లో! 1989లో టబ్బీని ఇంటి బయట ఎవరో కాల్చి చంపారు. అతని దగ్గర పని నేర్చుకున్న ప్రిన్స్ జామీ, సైంటిస్ట్ వంటివాళ్లు ఆ తర్వాత తామే పేరున్న ఇంజినీర్లయ్యారు. ఆ ప్రతిధ్వనిలో పనిచేసే సూత్రం మొగల్రాజపురం పెద్దాయన బల్ల మీద వేలితో గీసి చూపించినదే.

పామర్రులో దిగి చల్లపల్లి వైపు బస్సు మారితే కూచిపూడి. సిద్ధేంద్రయోగి పేరు మీద ఊరంతా నడుస్తుంది. పూర్వం ఇక్కడి భాగవతులు రాత్రంతా కాగడాల వెలుగులో, మైకు లేకుండా, తామే పాడుతూ తామే ఆడుతూ కలాపం నడిపేవారు. వేదాంతం సత్యనారాయణ శర్మ వేసిన సత్యభామను చూసినవాళ్లు ఆ జడ విసురు గురించి ఇప్పటికీ చెబుతారు. మైకు వచ్చాక ఈ ఆటకు కొత్త చిక్కులొచ్చాయి. వేదిక పక్కనున్న సౌండ్ కుర్రాడొకడు నాకు విడమరిచి చెప్పాడు. చెక్క వేదిక మీద పాదం పడితే ఆ అదురు స్టాండు గుండా మైకులోకి ఎక్కి ‘దుబ్బు దుబ్బు’మంటుంది. అందుకని స్టాండు కింద మడతపెట్టిన గోనెపట్టా వేస్తాడు, కింది ధ్వనులు కోస్తాడు. కోత ఎక్కువైతే మృదంగం ఎడమవైపు ధ్వనికి బలం పోతుంది. తాళాలు మైకుకు సూటిగా ఉంటే చెవులు చిల్లులు పడతాయి, కాబట్టి నట్టువాంగం చేసేవారిని కాస్త పక్కకు తిప్పి కూర్చోబెట్టాలి. "గజ్జెలకు విడిగా మైకు పెట్టమంటారు కొందరు గురువుగార్లు. వద్దంటానండీ. గజ్జె వినపడాలిగానీ అది పాట మీద ఎక్కకూడదు" అన్నాడు. ఇరవై నాలుగేళ్లుంటాయేమో. ఆ తీర్పు ఇవ్వడానికి కావలసిన చెవి అతనికుంది.

పక్కనే మొవ్వ. క్షేత్రయ్య ముద్రలోని మొవ్వగోపాలుడిది ఈ ఊరే. ఆ చుట్టుపక్కల ఒక ఊళ్లో ఆ రాత్రి నాటకం ఉందని తెలిసింది. ‘సత్య హరిశ్చంద్ర’. ఉయ్యూరు వీరమ్మ తల్లి తిరునాళ్ల రోజులు కాబట్టి మైకు సెట్లవాళ్లకు ఖాళీ ఉండదు. ఈ నాటకానికి మైకు సెట్ తెచ్చినతను పొద్దున ఓ పెళ్లి ముగించుకుని సాయంత్రానికి ఇక్కడికి చేరాడు. యాభై ఏళ్ల మనిషి. బళ్లో ఎనిమిది దాకా చదివి, మేనమామ మైకు సెట్ వెంట తిరుగుతూ పని నేర్చుకున్నాడు. అహూజా ఆంప్లిఫయర్లు, నాలుగు బాకాలు, రెండు పెట్టెలు, నాటకానికని విడిగా దాచుకున్న మంచి మైకులు మూడు. బాకాల మీద ఎర్రరంగులో మైకు సెట్ పేరు. కింగ్‌స్టన్ వీధుల్లో కూడా సౌండ్ సిస్టమ్ పేరే దాని యజమానికి కీర్తి.

నాటకం కరపత్రం చేతికిచ్చారు. హరిశ్చంద్రుడు మొదటి అంకం ఒకరు, వారణాసి ఒకరు, కాటిసీను ఒకరు. నక్షత్రకుడు, చంద్రమతి, హార్మోనిస్టు, దుస్తుల సప్లయి, చివర లైటింగ్, మైకు సెట్. చిన్నక్షరాల్లోనైనా అతని పేరుంది. కళాక్షేత్రాలూ రేడియోలూ ఇవ్వని ఆ ఒక్క వరసా పల్లెటూరి కరపత్రం ఇచ్చింది. రేడియోలో నాటకం అయ్యాక రచయిత, పాత్రధారులు, నిర్వహణ చెప్పి ముగించేవారని పెద్దాయన అన్నప్పుడు ఆయన గొంతులో నిష్ఠూరం లేదు, నాకు మాత్రం కష్టంగానే అనిపించింది. ఆ పాత టేపులు కంప్యూటర్లలోకి ఎక్కిస్తున్న ఈ రోజుల్లో ప్రతి రికార్డింగు పక్కనా ధ్వని చూసినవారి పేరుకు ఒక గడి ఉండాలి. ఆ గడులు నింపగలవాళ్లు ఇంకా కొందరు బతికే ఉన్నారు. వాళ్లను కూర్చోబెట్టి వినిపిస్తే ఏ కచేరీకి ఎవరు కూర్చున్నారో చెబుతారు. పదేళ్లాగితే ఎవరినడగాలి?

రాత్రి పదిన్నరకు తెర లేచింది. పైనుంచి రెండు మైకులు వేలాడుతున్నాయి, హార్మోనియం దగ్గర మూడోది. నటుడు మైకు కిందికి వస్తేనే పద్యం అందుకుంటాడు. వచనానికి అటూ ఇటూ తిరిగినా పద్యానికి అక్కడే నిలబడి రాగం తీస్తాడు. పద్యనాటకంలో ఈ నిలుచునే పద్ధతిని మనం సంప్రదాయమనుకుంటాం గానీ, దాన్ని ఇంతగా స్థిరపరిచింది ఆ వేలాడే మైకులేనని నాకనిపిస్తుంది. మైకతను మైకు కిందికి ఎవరొస్తున్నారో చూస్తూ ఒక మీట ఎత్తుతాడు, రెండోది దించుతాడు. రెండూ ఒకేసారి తెరిచి ఉంచితే కూత పుడుతుంది. పద్యాలన్నీ అతనికి కంఠతా వచ్చు. మూడో పాదం అయ్యేసరికి చెయ్యి మీట మీద ఉంటుంది.

అర్ధరాత్రి దాటాక చలి పెరిగింది. దుప్పట్లు కప్పుకుని జనం ఇంకా వస్తూనే ఉన్నారు. రెండు మైళ్ల అవతలి ఊరి నుంచి వచ్చానన్న ఒకాయన "హార్మోనియం మా ఇంటికాడికి వినపడింది, ఇక పడుకోలేకపోయాను" అన్నాడు. చలికాలం రాత్రుల్లో నేలనంటిన గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటుంది. పైకి పోవలసిన ధ్వని వంగి మళ్లీ నేల మీదికి దిగుతుంది. అడ్డుకునే కొండ లేదు. మైకతనికి సూత్రం తెలుసో లేదో నేనడగలేదు. "రాత్రి పన్నెండయ్యాక బాకాలు తగ్గించాలండీ, లేకపోతే ఊరవతల ముసలోళ్లకు నిద్రుండదు" అన్నాడు. పన్నెండు దాటాక తగ్గించాడు కూడా.

రెండు గంటలకు కాటిసీను. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలోకి జాషువా శ్మశానం పద్యాలు ఎప్పుడో వచ్చి చేరిపోయాయి. వాటి కోసమే కూర్చునే జనం ఉంటారు. మైకతను బల్ల కింద నుంచి చిన్న ఎకో పెట్టె పైకి తీసి, గుడ్డతో తుడిచి, తీగ తగిలించాడు. అప్పటిదాకా అది వాడలేదు. "ముందునుంచీ వాడితే కాటికీ కోటకీ తేడా ఏముంటదండీ?" అన్నాడు. నటుడు కర్ర పట్టుకుని వచ్చాడు. మొదటి పద్యం మూడు పాదాలు పొడిగానే వదిలాడు. నాలుగో పాదం చివర రాగం పైకెక్కుతుంటే మీట కొద్దికొద్దిగా తిప్పాడు. నటుడు ఆపాక కూడా ఆ చివరి అక్షరం కళ్లం మీదుగా, మినుము చేల మీదుగా పోతూ ఉంది. హార్మోనిస్టు అది పూర్తిగా తగ్గేదాకా హార్మోనియం తిత్తి ఆపి పట్టుకున్నాడు. ముగ్గురూ ఒకరివంక ఒకరు చూసుకోలేదు.

వెనక నుంచి ఎవరో "వన్స్‌మోర్!" అన్నారు. తర్వాత అందరూ అన్నారు. నటుడు నమస్కారం పెట్టి, మొదలుపెట్టబోతూ మైకు బల్ల వైపు చూశాడు. మైకతను వేలు కిందికి చూపించాడు. శ్రుతి తగ్గించమనేమో అనుకున్నాను. ఎకో తగ్గిస్తున్నానని చెప్పడమట. "రెండోసారి ఆయన రాగం ఇంకా పొడుగ్గా తీస్తాడండీ. ఆయన తీసేది జనం వినాలిగా, నా పెట్టెని కాదు" అని నాకు చెప్పి, మీట సగానికి దించి, చెయ్యి దాని మీదే ఉంచుకున్నాడు. పద్యం మళ్లీ మొదలైంది.